ఒంటిగంట డబ్బా

కాదు తల్లీ, నీ కాగితం ఎక్కడికీ పోదు, ముందు ఆ గోడ గడియారం చూడు. నాలుగు కావడానికి అరగంట లేదు. నాలుగింటికి నా మనవరాలు తినాలి. ఆకలేస్తే తింటుందిలే అనే తిండి కాదమ్మా అది. గంట కొడితే బడి మొదలైనట్టు, ఆ వేళకి అది నోట్లో పడాలంతే.

అదిగో, అద్దంలోంచి కనబడుతోందిగా, వరండాలో బల్ల చివర. పెదవికి దూది అదుముకుని. నర్సమ్మ ఏదో అడుగుతోంది, ఇది తల ఊపుతోంది. పదిహేడేళ్ళు దానికి. నమ్మవులే. పన్నెండంటారు అందరూ.

అబ్బ! ఏమిటా చప్పుడు? పక్క గదిలోంచేనా? కుర్చీ పడిందా?

ఓహో. ఆయన్నా.

ఇంకా ఎందుకమ్మా కొట్టడం? రైల్లోంచి దింపేటప్పుడే జనం సగం చంపారు. చొక్కా పీలికలైంది. తలకి కట్టయినా సరిగ్గా కట్టారో లేదో.

ఏమిటీ? ఆడపిల్లని నెత్తురు వచ్చేలా కొట్టినవాళ్ళకి అదీ తక్కువేనా?

నిజమేలే. తక్కువే.

సరే, రాసుకో. నిన్ను నువ్వంటున్నాను, యూనిఫారం వేసుకున్నదాన్ని అనకూడదేమో. దీని అక్క వయసుంటుంది నీకు, నోటికి అలా వచ్చేస్తోంది. దాని దగ్గరికే వెళుతున్నాం మేము. రెండు పగళ్ళు, మధ్యలో ఒక రాత్రి, అంత దూరం. అక్కకి ఆడపిల్ల పుట్టి పదకొండు రోజులు. ఏడాదిగా నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల, "అమ్మమ్మా, అక్క బిడ్డని ఒక్కసారి ఎత్తుకుంటాను" అంది. నా చేతిలో గిన్నె జారిపోయింది తెలుసా! ఇది ఒకటి కావాలని అడగడం ఎన్నాళ్ళకి!

వీళ్ళమ్మ పోయింది, ఇది పాకే వయసులో. పెంచింది నేనే. అంటే దాని తిండి నా పనే అప్పట్నించీ.

జబ్బేమిటంటావా? పేరు చెప్పారుగానీ నాకు నోరు తిరగదు. తినకపోవడమే జబ్బు. ఆకలి లేక కాదు. ఆకలి ఉంటుంది, దాన్ని పీక పిసికి చంపుతుంది. అద్దంలో తన బదులు ఎవరో పగవాళ్ళు కనిపిస్తారట. మొదట్లో నేనేమన్నానో చెప్పనా? "పొగరు" అన్నాను. "రెండ్రోజులు మాడితే అదే దిగుతుంది" అన్నాను! తర్వాత ఒకరోజు తలుపు తీసి చూద్దును కదా, రెండు పిడికిళ్ళతో తన పొట్టని తనే గుద్దుకుంటోంది. దబదబా. ఎవరో పరాయి మనిషిని కొడుతున్నట్టు. నేను నిలబడి చూశాను. మనిషి లోపల ఇంకో మనిషి దూరి కొడితే ఎవరిని పట్టుకుంటావు చెప్పు? ఎవరి చేతులు కట్టేస్తావు?

మూడు నెలలు ఆసుపత్రి. ముక్కులోంచి గొట్టం. ఇది పీకేసేది, వాళ్ళు చేతులు మంచానికి కట్టి మళ్ళీ వేసేవాళ్ళు. నేను బయట నిలబడి చెవులు మూసుకునేదాన్ని. ఆ అరుపులు నీకు వద్దులే.

ఈ ప్రయాణం మాట ఎత్తితే డాక్టరమ్మ మొదట వద్దే వద్దంది. దీని మొహం చూసి, ఆలోచించి, ఆఖరికి ఒక కాగితం రాసి నా చేతిలో పెట్టింది. రోజుకి ఆరు వేళలు. ఏ వేళకి ఏమిటో, ఎంతో. "పూటలు తప్పడం మొదలైతే వెనక్కి తీసుకొచ్చెయ్యండి పెద్దమ్మా. ఇంకోసారి పడిపోతే ఈ పిల్ల గుండె తట్టుకోదు" అంది. బెదిరించలేదు. పెద్దాళ్ళకి చెప్పినట్టు మెల్లిగా చెప్పింది. అందుకే నాకు భయం వేసింది.

చదివానమ్మా, నేనే చదివాను కాగితం! నాకు చదువొచ్చు. అరవై రెండో ఏట వచ్చింది. ఎవరు నేర్పారనుకున్నావు? ఇదే. రెండో తరగతిలో ఉండేది. స్కేలు పట్టుకుని నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేది. "అమ్మమ్మా, క కి తలకట్టు ఏదీ? తల దువ్వుకోకుండా బడికొస్తావా?" అని నా వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. ఇంతింత గీతలమ్మా, వాటిల్లో ఎక్కడెక్కడి మనుషుల గొంతులో దాక్కుని ఉంటాయి! నాకు ఇప్పటికీ వింతే.

డాక్టరమ్మ కాగితంలో ఒకచోట ఉంది, "ముద్దకీ ముద్దకీ మధ్య తొందరపెట్టకండి, కాస్త ఆగండి" అని. నేను కూడబలుక్కుని, వీధికి వినబడేలా చదివాను, "ముద్దుకీ ముద్దుకీ మధ్య" అని. లేని కొమ్ము నేనే తగిలించాను.

నవ్వింది తల్లీ! పడిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. "డాక్టరమ్మ నిన్ను ముద్దులు పెట్టమందా అమ్మమ్మా?" అని. "చీటీలో రాసి ఉంటే పెట్టాలి మరి, మందు మందే" అన్నాను నేను. ఆ పూట నుంచి అదే మా పద్ధతి. ముద్ద మింగితే నుదుటి మీద ముద్దు. ముద్ద, ముద్దు. ఎంత ఏడ్చినా, ఎంత వణికినా, అలాగే తినేది. డాక్టరమ్మకి చెబితే, "తప్పు చదివినా మంచి చదువే చదివారు" అంది.

ఆరు డబ్బాలు తెచ్చాను, ఖాళీ అయినవి దారిలో స్టేషన్లో కొని నింపొచ్చని. మూతల మీద గంటలు నేనే రాశాను. నిన్నంతా ఎదుటి సీటు ఖాళీ. కిటికీ వైపు తిరిగి, నా శాలువా చాటున, ఆరు డబ్బాలూ ఖాళీ చేసింది. రాత్రి పడుకోబోతూ "రేపీ పాటికి బిడ్డ నా ఒళ్ళో ఉంటుంది" అంది. నేను ఉబ్బిపోయాను. నా అంత డాక్టరు ఎవరూ లేరనుకున్నాను!

పొద్దున్న ఎక్కాడు ఆయన.

రెండు పెద్ద పెట్టెలు. వాటిల్లో ఏముందో తెలుసా? సన్నబడే పొడి! నీళ్ళలో కలుపుకు తాగితే నెల తిరిగేసరికి నడుము పోతుందట. ఎక్కడికి పోతుందో నేను అడగలేదు. అన్ని రైళ్ళుండగా, అన్ని సీట్లుండగా, ఆ పొడి మనిషి మా ఎదురుగానే కూర్చోవాలా?

పదిగంటల డబ్బా తీశాను. అరటిపండూ వేరుశనగలూ. ఆయన దీన్ని ఎగాదిగా చూసి, "పాప ఎంత నాజూగ్గా ఉంది మామ్మగారూ! ఇలాంటి పిల్ల ఫొటో మా డబ్బా మీద పడితే సరుకు నిలవదు" అన్నాడు.

పాపం, పొగిడాననుకున్నాడు. కానీ నేను దీని కళ్ళు చూశాను. ఇన్నాళ్ళూ బూడిద కప్పి, కప్పి ఉంచిన నిప్పుని ఆయన ఒక్క ఊపిరితో ఊదాడు. పండు తిన్నదిలే. తిన్నదిగానీ, తర్వాత గంటసేపు పిడికిళ్ళు విప్పలేదు.

పన్నెండింటికి రైలు ఆగిపోయింది. ముందు పట్టాలు బాగుచేస్తున్నారట. ఫ్యాన్లు ఆగాయి. ఎండకి రైలుపెట్టె పెనంలా కాలిపోతోంది. పసిపిల్లల ఏడుపు, పెద్దవాళ్ళ తిట్లు. ఒంటిగంట అయింది. నేను ఒంటిగంట డబ్బా మూత తీశాను. అన్నం, కూర, ఉడికిన గుడ్డు.

రెండు చెంచాలు తిన్నది. ముద్దు పెట్టబోతే తల పక్కకి లాక్కుంది. "వద్దమ్మమ్మా, అందరూ చూస్తున్నారు."

ఆయన నవ్వాడు. "పెళ్ళీడు పిల్లకి గోరుముద్దలా మామ్మగారూ! ముద్దకో ముద్దా? మాకూ పెడితే మేమూ తింటాం!" పక్క సీట్లవాళ్ళు కూడా నవ్వారు. నవ్వరూ మరి? ఉక్కపోతలో కూర్చున్నవాళ్ళకి అదో కాలక్షేపం. "వదిలెయ్యండి, ఇలా ఉండటానికి ఊళ్ళో ఆడవాళ్ళు నా వెంటపడుతున్నారు, మీరేమో కుక్కుతున్నారు" అన్నాడు.

ముద్దు ఆగింది. ముద్దా ఆగింది. పెదవులు కుట్టేసినట్టు మూసుకుంది.

బతిమాలాను. ఒంటిగంటన్నర. బతిమాలాను. రెండు. "అక్క బిడ్డ కోసం తినవే" అన్నాను. ఆ మాట అనకూడదట, తర్వాత గుర్తొచ్చింది. అది డబ్బా లాక్కుని విసిరేసింది. సగం అన్నం ఆయన కోటు మీద. ఆయన లేచి అరిచాడు. ఆ తర్వాత పెనుగులాట. దీని పెదవి చిట్లింది. నేను ఫ్లాస్కుతో ఆయన తల మీద కొట్టాను. జనం ఆయన మీద పడ్డారు. రైలు కదిలింది. ఈ స్టేషన్లో మీవాళ్ళు దింపారు.

అంతే. అయిపోయింది. రాసుకున్నావా?

అవును, పిల్లే చూపించింది. మీ పెద్దాయన "ఎవరు కొట్టారమ్మా?" అని అడిగితే, వేలెత్తి ఆయన్ని చూపించింది. నేను కాదనలేదు.

వేలిముద్ర ఎందుకమ్మా, సంతకం పెడతాను. కానీ చదివి పెడతాను. చదవకుండా పెట్టకూడదని నేర్పింది నాకు ఆ రెండో తరగతి పంతులమ్మ. నాకు కాస్త టైము పడుతుంది, వేలు పెట్టి చదువుతాను, విసుక్కోకు.

ఎ... దుటి... సీటులోని... ప్రయాణికుడు... బాలికను... కొ... ట్టి...

కొట్టి.

అదిగో, మళ్ళీ! విన్నావా? ఈసారి కుర్చీ కాదు. మనిషే అరిచాడు. "అమ్మా" అన్నాడు.

తలుపు వెయ్యకు తల్లీ. వేస్తే మాత్రం నాకు వినబడదా? లేచి వెళ్ళి ఒక్కసారి ఆపమని చెప్పు. నేను చెబుతాను, అంతా చెబుతాను, ముందు వెళ్ళి ఆపించు. పరుగెత్తు!

...

ఆపారా? కూర్చున్నాడా, పడి ఉన్నాడా? నీళ్ళివ్వండి ఆయనకి.

విను. ఇందాక "పెనుగులాట" అన్నానే, ఆ ఒక్క మాటలో చాలా దాచేశాను.

డబ్బా విసిరాక ఇది కిటికీ ఊచకేసి తల కొట్టుకోవడం మొదలెట్టింది. ఒకటి. రెండు. మూడు. ఇనుము మోగింది. ఆయన కోటు మీద కూర కారుతోంది, తిట్టబోయి నోరు తెరిచినవాడు, "అయ్యో పాపా, పాపా" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఊచకీ దీని నుదుటికీ మధ్య ఆయన అరచెయ్యి. నువ్వెళ్ళి చూడు, కుడిచేతి వేళ్ళు నల్లగా కమిలి ఉంటాయి. మీవాళ్ళ దెబ్బలకి కాదు. దీని తలకి.

నేనేం చేశాను? నేను దీని తల చూడలేదు తల్లీ. డబ్బా చూశాను. అడుగున ఇంకా సగం ఉంది. ఆ సగం చూశాను.

దీని దవడ పట్టుకున్నాను. ఈ చేత్తో. బొటనవేలు ఇటు, నాలుగు వేళ్ళు అటు. దూడకి మందు పోసేటప్పుడు పడతారే, అలాగ. సీటుకేసి అదిమి, మోకాలు దాని ఒళ్ళో పెట్టి, చెంచా తోశాను. పళ్ళు బిగించింది. తోశాను. పెదవి చిట్లింది. చూశాను, చూసీ తోశాను. పంటి మీద చెంచా టక్కుమంది. పైపన్ను కొస విరిగింది, నర్సమ్మ ఇంకా చూసినట్టు లేదు. "తినవే" అన్నాను. "తినకపోతే ఇక్కడే చంపి పాతేస్తాను" అన్నాను. నేను! ఇంట్లో బల్లి చస్తే రెండ్రోజులు బాధపడతానని నన్ను వెక్కిరిస్తారు పిల్లలు. ఆ గొంతు నాదేనా అని నాకే విచిత్రంగా ఉంది.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. నన్ను కొట్టడానికి కాదు. "వదలండి మామ్మగారూ, ఊపిరాడటం లేదు పిల్లకి" అన్నాడు. ఆ పెట్టెలో అంతమంది ఉన్నారు కదా, ఆ మాట అన్నది ఆయనొక్కడే. మిగతావాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు.

అప్పుడు తీశాను ఫ్లాస్కు. ఒక దెబ్బ కాదు. రెండు. రెండోది ఆయన కిందపడ్డాక.

ఎందుకంటావా? నా దారికి అడ్డొచ్చాడని. ఇంకో నాలుగు చెంచాలే ఉన్నాయి తల్లీ! నాలుగంటే నాలుగు! అవి లోపలికి పోతే పూట తప్పదు, వెనక్కి పోనక్కర్లేదు, గొట్టం అక్కర్లేదు. ఇది అక్క బిడ్డని ఎత్తుకుంటుంది. నాకు అదొక్కటే కనబడింది.

కాగితంలో బలవంతం చెయ్యమని ఉందా అంటావు. లేదు. డాక్టరమ్మ చెప్పినదాంట్లో సగమే నీకు చెప్పాను. కింద పెద్ద అక్షరాలతో రాసింది, "బలవంతం చేయకండి. ఒక పూట తప్పితే తప్పనివ్వండి. వెంటనే నాకు ఫోన్ చేయండి" అని. ఆ వాక్యం చక్కగా చదివాను. దీర్ఘాలూ ఒత్తులూ ఏవీ పోలేదు. ఫోను నా సంచిలోనే ఉంది. చెయ్యలేదు. చేస్తే వెనక్కి తెచ్చెయ్యమంటుందేమోనని చెయ్యలేదు.

ఇంకోటి కూడా రాసుకో. ఇది మీ కాగితాల్లో పట్టదేమో, అయినా రాసుకో. ఆ ఆఖరి చెంచా మింగింది అది. నెత్తురుతో కలిపి, కళ్ళు మూసుకుని, గుటక్కుమని మింగింది. కింద ఒక మనిషి తల పగిలి మూలుగుతున్నాడు. దీని గడ్డం మీంచి ఎర్రగా కారుతోంది. నేను చెంచా వంక చూసుకున్నాను. ఖాళీ. నాకు సంతోషం వేసింది.

సంతోషం తల్లీ! హమ్మయ్య అనుకున్నాను. అదెక్కడినించి వచ్చిందో నాకు తెలీదు.

పిల్లని పిలవకు. అబద్ధం ఎందుకు చెప్పావని అడగకు. నన్ను కాపాడటానికి చెప్పిందనుకుంటున్నావా? నేనూ కాసేపు అలాగే అనుకుని మురిసిపోయాను. చూశావా, మనవరాలి ప్రేమ అని. కాదు. మీ పెద్దాయన "ఎవరు కొట్టారు" అని అడిగినప్పుడు నేను దాని పక్కనే ఉన్నాను. దాని భుజం మీద నా చెయ్యి ఉంది. ఇంకో చేతిలో ఆ చెంచా ఇంకా పట్టుకునే ఉన్నాను. అది ముందు నా చెయ్యి చూసింది. తర్వాత వేలెత్తి అటు చూపించింది. దాని లోపలున్న రాక్షసికి ఒక్కదానికే భయపడేది పిల్ల ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఇద్దరం.

సంతకమా? ఈ కాగితం మీద ఎలా పెడతాను? ఇది చింపేసి ఇంకోటి రాయి. నేను చెప్పినట్టే రాయి, నెమ్మదిగా, నాకు చదవడానికి వీలుగా.

రాసే ముందు ఇది తీసుకో, నాలుగు గంటల డబ్బా. రెండు బ్రెడ్డు ముక్కలు ఉన్నాయి. పాలు మాత్రం కొనాలి, ఫ్లాస్కు సొట్టపడిపోయింది. నువ్వే పట్టుకెళ్ళు. నేను రాను. దాని పక్కన కూర్చో, ఎదురుగా కాదు. తిను అని అనొద్దు. నీ ఉద్యోగం సంగతో, వానల సంగతో ఏదో ఒకటి మాట్లాడు. తినకపోతే మూత పెట్టెయ్యి. డాక్టరమ్మ నంబరు కాగితం అడుగున ఉంది. వచ్చి తీసుకెళ్ళమను. బిడ్డని ఎత్తుకోవడం... సరేలే. బిడ్డ ఎక్కడికి పోతుంది? దీన్ని బతకనివ్వండి ముందు.

ఆయన్ని ఆ గదిలోంచి బయటికి తీసుకొచ్చి కట్టు మార్పించు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టండి.

ఏమిటలా చూస్తావు? కొట్టరని నాకు తెలుసులే. ముసలిదాన్ని. "పాపం, భయపడిపోయింది" అంటారు, టీ తెప్పిస్తారు. జుట్టు నెరిసినదాని చేతిలో చెంచా ఉంటే అన్నం పెడుతోందనే అనుకుంటారు ఎవరైనా. అందుకేగా, ఇందాకట్నించీ మీరంతా కలిసి ఆయన్ని కొట్టింది.